పని నడుస్తుండగానే లోపలి గాలిని కాపాడుకోవడం: భవన నిర్మాణంలో మొదటి నుంచి చివరిదాకా

కొత్త భవనంలోకి అడుగు పెట్టగానే ముక్కుకు తగిలే వాసనను చాలామంది ఇష్టంగా పీలుస్తారు. పెయింటు, పాలిష్, జిగురు, ప్లైవుడ్ ఇంకా వదులుతున్న రసాయనాల ఆవిరి అది. దానితో పాటు కంటికి ఆనని సన్న దుమ్ము ఫాల్స్ సీలింగ్ పైన, ఏసీ డక్టుల్లో, కార్పెట్ పోగుల మధ్య చేరి కూర్చుంటుంది. తాళాలు చేతికొచ్చాక ఎయిర్ ప్యూరిఫయర్ కొని పెట్టుకున్నంత మాత్రాన ఇవి పోవు. పని జరుగుతున్నప్పుడే అడ్డుకోవాలి.

సైట్ చూసుకునే ఇంజినీర్లు, కాంట్రాక్టర్లు, ఒక గదిలో పని జరుగుతుంటే పక్క గదిలో ఉండక తప్పనివాళ్లు, వీళ్లందరి కోసం ఇది. పెద్ద భవనమైనా రెండు గదుల మరమ్మతైనా పద్ధతి ఒకటే. మారేదల్లా ఫ్యాన్ల సైజు, కాగితాల పని.

## ముందుగా, గాలిలోకి ఏమేం వస్తాయి

దుమ్ము అనగానే బట్టల మీద పడే తెల్లపొడి గుర్తొస్తుంది. అది చిరాకు పెడుతుంది గానీ బరువు వల్ల తొందరగానే కిందికి దిగిపోతుంది. అసలు ప్రమాదం కనిపించని దుమ్ముతోనే. కాంక్రీటు, ఇటుక, గ్రానైట్, టైల్స్ అన్నింటిలోనూ సిలికా ఉంటుంది. వైరింగ్ పైపుల కోసం కట్టర్‌తో గోడకు గాడి కొట్టినప్పుడు అందులో కొంత 4 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) కంటే సన్నగా పొడై, గంటల తరబడి గాల్లో తేలుతూ, ఊపిరితిత్తుల అట్టడుగుదాకా వెళ్లి అక్కడే ఉండిపోతుంది. సిలికోసిస్‌కు మూలం ఇదే. ఆ జబ్బును నయం చేసే మందు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 1997లోనే ఈ స్ఫటిక సిలికాను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 2016లో తెచ్చిన నియమం ప్రకారం, ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలిలో ఇది 50 మైక్రోగ్రాములు దాటకూడదు. నీళ్లు లేకుండా ఎండు కటింగ్ చేసే గదిలో ఆ గీత దాటడానికి ఎక్కువసేపు పట్టదు.

తర్వాత వీఓసీలు. ఎనామెల్ పెయింటు, థిన్నర్, చెక్క పాలిష్, కార్పెట్ జిగురు, సీలెంట్లు ఆరుతున్నప్పుడు గాల్లోకి వదిలే ఆవిర్లను కలిపి ఇలా పిలుస్తారు. పెయింటు వాసన చాలావరకు మొదటి కొన్ని రోజుల్లోనే తగ్గుతుంది. ఫార్మాల్డిహైడ్ అలా కాదు. ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డులను అతికించే యూరియా రెజిన్ నుంచి అది నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది. వేడి, తేమ పెరిగితే ఇంకా ఎక్కువగా వస్తుంది. దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి, 30 నిమిషాల సగటున ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము.

చెమ్మ గురించి సైట్లలో ఎవరూ టెన్షన్ పడరు. పడాలి. తడిసిన జిప్సం బోర్డును 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెట్టకపోతే బూజు మొదలవుతుంది. పైన పెయింటు వేసేస్తే కనబడదు గానీ వెనకాల పెరుగుతూనే ఉంటుంది.

పొగ సంగతి ఒక్క ముక్కలో చెప్పొచ్చు: పెట్రోలు, డీజిలుతో నడిచే ఏ యంత్రాన్నీ లోపల పెట్టకండి, కిటికీ తెరిచి ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. జనరేటర్‌ను కిటికీ కిందో, గాలి లోపలికి లాగే లూవర్ దగ్గరో పెట్టినా లోపల పెట్టినంత పనే.

పాత భవనమైతే సుత్తి ఎత్తకముందే పరీక్షలు చేయించాలి. పాత పైకప్పు రేకుల్లో, పైపులకు చుట్టిన పొరల్లో, పాత ఫ్లోర్ టైల్స్‌లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. పాత రంగు పొరల్లో సీసం ఉండొచ్చు. చూసి చెప్పలేం, నమూనా ల్యాబ్‌కు పంపాలి. ఆస్‌బెస్టాస్ ఉందని తేలితే దాన్ని తీయడం మీ మేస్త్రీ పని కాదు, దానికి శిక్షణ పొందిన మనుషులు వేరే ఉంటారు.

## 1. ఒక పేజీ ప్లాను, ఒక బాధ్యుడు

ఈ విషయంలో ఎక్కువమంది ఆధారం చేసుకునేది అమెరికాలోని షీట్ మెటల్, ఏసీ కాంట్రాక్టర్ల సంఘం స్మాక్నా ఇచ్చిన మార్గదర్శకాలు. 2007లో వాటి రెండో కూర్పు వచ్చింది. గ్రీన్ బిల్డింగ్ రేటింగ్ లీడ్ కూడా వాటినే పాటించమంటుంది. అందులోని ఐదు అంశాలు: ఏసీ వ్యవస్థను కాపాడటం, కాలుష్యం పుట్టే చోటే తగ్గించడం, అది నడిచే దారి మూసేయడం, శుభ్రత, పనుల వరుస. నా దృష్టిలో చివరిదే అన్నింటికంటే బరువైనది, సైట్లలో ఎక్కువగా తప్పేదీ అదే. దాని గురించి కింద వివరంగా చెప్తాను.

ప్లాను పెద్ద ఫైలు అక్కర్లేదు. ఏ వారం ఏ పని వల్ల ఏం వస్తుంది, దాన్ని ఎలా ఆపుతాం, ఎవరు చూస్తారు, ఇవి రాసి గోడకు అంటించండి. బాధ్యుడికి పని ఆపించే అధికారం ఉండాలి. అది లేకపోతే ప్లాను గోడకే మిగిలిపోతుంది. కాంట్రాక్టులోనే రాసుకోవడం ఇంకా మంచిది, ఎందుకంటే తడి కటింగ్‌కు, వాక్యూమ్‌కు అయ్యే ఖర్చు కోట్ చేసే రోజున మాట్లాడుకోకపోతే తర్వాత ప్రతి రోజూ గొడవే.

లోపల మనుషులు ఉంటుంటే ఏ రోజు ఏ పని జరుగుతుందో వాళ్లకు ముందే చెప్పాలి. ఆస్తమా ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు, గర్భిణులు ఉంటే పాలిష్, పెయింటు రోజుల్లో వాళ్లను వేరే చోట ఉంచడమే సరైన పని. ఆసుపత్రి లోపల జరిగే పనుల లెక్క వేరు. గోడలు పగలగొట్టినప్పుడు లేచే ఆస్పర్‌జిల్లస్ బూజు బీజాలు రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ల ప్రాణాలకే ముప్పు. అక్కడ ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ టీమ్ సంతకం లేకుండా ఒక్క మేకు కూడా కొట్టకూడదు.

## 2. పుట్టే చోటే పట్టుకోవడం

కటింగ్ పని వీలైనంతవరకు బయట, లేదా ఒకే గదిలో పెట్టించండి. టైల్స్, గ్రానైట్ కోతకు నీళ్లు పడే కట్టర్ వాడాలి. నీళ్లు ధారగా, సరిగ్గా బ్లేడు రాయిని తాకే చోట పడాలి. పక్కన ఒకరు మగ్గుతో అప్పుడప్పుడు చల్లితే సరిపోదు. ఆ బురద ఆరితే మళ్లీ అదే దుమ్ము, కాబట్టి తడిగా ఉండగానే ఎత్తేయాలి. కరెంటు పనిముట్టు దగ్గర నీళ్లంటే షాక్ ప్రమాదం కూడా ఉంటుంది, తడి పనికోసమే చేసిన యంత్రాన్ని, లీకేజీ వస్తే ట్రిప్పయ్యే బ్రేకర్ ఉన్న లైన్ మీదే నడపండి.

గోడ గాడి, డ్రిల్లింగ్ లాంటి చోట్ల నీళ్లు కుదరవు. అక్కడ మూతిచుట్టూ తొడుగు, దానికి వాక్యూమ్ గొట్టం ఉన్న పనిముట్టు కావాలి. వాక్యూమ్‌లో హెపా ఫిల్టరు ఉందో లేదో చూసుకోండి. 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం ఆపేది హెపా. మామూలు వాక్యూమ్ పెద్ద పొడిని పీల్చుకుని, సన్నదాన్ని వెనక నుంచి గదిలోకి ఊదేస్తుంది.

పుట్టీ రుద్దే రోజు ఒకసారి గదిలో నిలబడి చూడండి. కిటికీలోంచి పడే ఎండ చారలో పొడి పొగలా సుడి తిరుగుతుంటుంది. రుద్దేవాడి కనుబొమలు తెల్లబడి ఉంటాయి, మూతికి ఓ రుమాలు కట్టుకుని ఉంటాడు. ఆ రుమాలు దాదాపు దేనికీ పనికిరాదు. ఎన్95 గానీ అంతకంటే మంచి మాస్క్ గానీ ఇవ్వాలి. అది ముఖానికి అతుక్కుంటేనే పనిచేస్తుంది, గుబురు గడ్డం ఉంటే అంచుల్లోంచి గాలి దూరిపోతుంది. ఇంకో మాట, ఎన్95 ఆపేది కణాలనే. థిన్నర్, పాలిష్ ఆవిర్లకు కార్బన్ క్యాట్రిడ్జ్ ఉన్న మాస్క్ వేరే ఉంటుంది. మాస్క్ ఎంత మంచిదైనా అది ఆఖరి రక్షణే. చేతి రుద్దుడు బదులు వాక్యూమ్ శాండర్ తెప్పిస్తే గదిలోని మిగతావాళ్లూ బతికిపోతారు.

సామాను ఎంపిక కొనేముందే జరగాలి. నీళ్లతో కలిపే, వీఓసీ తక్కువున్న పెయింట్లు, ఈ1 లేదా అంతకంటే తక్కువ ఫార్మాల్డిహైడ్ తరగతి బోర్డులు అడగండి. డబ్బా మీద ఆకు బొమ్మ ఉంటే చాలనుకోకండి, టెక్నికల్ షీటులో లీటరుకు ఎన్ని గ్రాముల వీఓసీ అని అంకె ఉంటుంది, అది చూడాలి. రంగు కోసం టింట్ కలిపాక ఆ అంకె మారొచ్చు. బోర్డు అంచులను ఎడ్జ్ బ్యాండింగ్‌తో మూయించండి, కోసిన అంచుల నుంచే ఎక్కువ ఆవిరి వస్తుంది. థిన్నర్ డబ్బాలు, తడి గుడ్డలు రాత్రి గదిలో వదలొద్దు. లిన్‌సీడ్ లాంటి నూనె పాలిష్ గుడ్డలు ముద్దగా పడేస్తే వాటంతట అవే అంటుకున్న సందర్భాలున్నాయి.

## 3. దారి మూసేయడం

పని గదిలోని గాలి మిగతా గదుల్లోకి పోకుండా ఆపడానికి రెండూ కావాలి: గట్టి అడ్డుతెర, లోపల తక్కువ పీడనం. ఒట్టి తెర కడితే తలుపు తీసిన ప్రతిసారీ దుమ్ము బయటికి దూకుతుంది.

తెరకు 150 మైక్రాన్ల మందం ప్లాస్టిక్ షీటు వాడండి. నేల నుంచి స్లాబ్ దాకా వెళ్లాలి. ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆపితే దుమ్ము పైనుంచి దాటి అవతలి గదిలో దిగుతుంది. చాలాచోట్ల జరిగే పొరపాటు ఇదే. లోపలికి వెళ్లే చోట జిప్ తలుపు, దాని ముందు జిగురు మ్యాట్ గానీ తడి గోనె గానీ పెట్టండి. పైపులు, కేబుళ్లు గోడ దాటే రంధ్రాలను మర్చిపోవద్దు.

ఇక పీడనం. గది 5 మీటర్ల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తు అనుకుందాం. అంటే 60 ఘనపు మీటర్లు. గంటకు 6 సార్లు గాలి మారాలంటే ఫ్యాను గంటకు 360 ఘనపు మీటర్లు బయటికి తోయాలి. ఫిల్టరు నిండేకొద్దీ ఫ్యాను బలం తగ్గుతుంది కాబట్టి 500 సామర్థ్యం ఉన్నది తీసుకోండి. గాలిని నేరుగా ఆరుబయటకు, పక్కింటి కిటికీ, ఏసీ లూవర్ లేని వైపుకు వదలాలి. లోపలే వదలక తప్పకపోతే హెపా ఉండి తీరాలి. లక్ష్యం 5 పాస్కల్ తేడా. చిన్న మీటరు పెట్టుకుంటే మంచిది, లేకపోతే తెరను చూడండి: పీడనం సరిగ్గా ఉంటే ప్లాస్టిక్ పని గది లోపలికి ఉబ్బుతుంది. జిప్ కాస్త తెరిచి టిష్యూ కాగితం ముక్క పట్టుకుంటే అది లోపలికే వాలాలి. అది బయటికి ఊగితే పని ఆపేయండి.

రోజు పని అయిపోగానే ఫ్యాను కట్టేయకూడదు. గంటకు 6 సార్లు గాలి మారుతుంటే, గాల్లో తేలుతున్నదాంట్లో 99 శాతం పోవడానికి సుమారు 46 నిమిషాలు పడుతుంది, అది కూడా గదిలో గాలి మూలమూలకూ బాగా కలుస్తుంటేనే. గంటన్నర వదిలేయడం నయం.

లిఫ్ట్ గుంత, మెట్ల గది ఈ లెక్కలను తలకిందులు చేస్తాయి. ఎత్తైన భవనంలో వేడి గాలి వాటిలోంచి పైకి లాగుతుంది కాబట్టి కింది అంతస్తులో కోసిన రాయి దుమ్ము పై అంతస్తుల్లో తేలుతుంది. పని జరిగే అంతస్తులో మెట్ల తలుపులు మూసి ఉంచడం చిన్న విషయంలా కనిపిస్తుంది, ఫలితం మాత్రం పెద్దది.

## 4. ఏసీ, డక్టులు

డక్టు ముక్కలు సైట్‌కు వచ్చిన రోజునుంచే రెండు చివరలూ ప్లాస్టిక్‌తో మూసి ఉండాలి, నేల మీద కాకుండా దిమ్మెల మీద పేర్చాలి. బిగించాక కూడా ప్రతి తెరిచిన మూతికీ ఆ రోజు సాయంత్రమే షీటు కట్టాలి. గది గాలిని ఏసీలోకి వెనక్కి లాగే రిటర్న్ గ్రిల్లు ఒకటి విప్పి టార్చి వాలుగా వేసి చూడండి. డక్టు అడుగున సిమెంటు పొడి, స్క్రూలు, టీ కప్పులు కనిపిస్తే ఆ సైట్లో ఎవరూ మూతలు కట్టలేదన్నమాట.

కట్టుబడి సమయంలో భవనపు శాశ్వత ఏసీని నడపకపోవడమే మేలు. పెయింటు ఆరడానికో, పనివాళ్ల కోసమో ఏసీ వేయమని ఒత్తిడి వస్తుంది. తప్పదనుకుంటే ప్రతి రిటర్న్ మూతికీ కనీసం మెర్వ్ 8 ఫిల్టరు (ఫిల్టరు దుమ్మును ఎంత బాగా ఆపుతుందో చెప్పే అంకె మెర్వ్) పెట్టి, వారానికోసారి చూసి మార్చాలి. స్ప్లిట్ ఏసీ లోపలి యూనిట్‌కు పుట్టీ, గ్రైండింగ్ రోజుల్లో పూర్తిగా కవరు తొడిగి స్విచ్చి తీసేయండి. నడుస్తున్న ఏసీ కాయిల్ తడిగా ఉంటుంది. పుట్టీ పొడి దాని మీద పడితే ముద్దై గట్టిపడి, తర్వాత బూజుకు ఇల్లవుతుంది.

## 5. పనుల వరుస

కార్పెట్, కర్టెన్లు, సోఫా, సౌండ్ సీలింగ్ టైల్స్, పరుపులు లాంటి మెత్తని, రంధ్రాలున్న వస్తువులు గాల్లోని ఆవిర్లను స్పాంజిలా పీల్చుకుని, నెలల తరబడి మెల్లగా వదులుతాయి. పెయింటు పని అయిపోయినా వాసన ఎందుకు పోవట్లేదని అడిగేవాళ్లకు చాలాసార్లు జవాబు ఇదే. అందుకే వాసన వచ్చే తడి పనులన్నీ ముందు, మెత్తని సామాను ఆఖర్న.

వరుస ఇలా ఉంటే బాగుంటుంది. పైకప్పు, కిటికీలు పడి వాన లోపలికి రాకుండా అయ్యేదాకా జిప్సం బోర్డు, ప్లైవుడ్ సైట్‌లోకి తేవొద్దు. ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్ బెడ్ ఆరాలి. తర్వాత కటింగ్, గ్రైండింగ్, పుట్టీ రుద్దడం పూర్తయి పెద్ద శుభ్రం జరగాలి. అప్పుడు పెయింటు, పాలిష్, సీలెంట్లు. వాటికి కిటికీలు తెరిచి, ఫ్యాన్లు వేసి కనీసం కొన్ని రోజులు. ఆ తర్వాతే సీలింగ్ టైల్స్, కార్పెట్, ఫర్నిచరు. చెక్క సామాను షాపులోనే పాలిష్ చేయించి తేగలిగితే సగం తలనొప్పి బయటే ఆగిపోతుంది.

కాంక్రీటు ఆరడం గురించి అందరూ తక్కువ అంచనా వేస్తారు. క్యూరింగ్ తర్వాత అంగుళం మందానికి ఒక నెల అనేది సైట్లలో వాడే మోటు లెక్క, తేమ వాతావరణంలో ఇంకా ఎక్కువ పడుతుంది. పైకి పొడిగా కనిపించే స్లాబ్ మీద వినైల్ గానీ చెక్క ఫ్లోరింగ్ గానీ అతికిస్తే లోపలి తేమ జిగురును పాడుచేసి వాసన, బూజు రెండూ తెస్తుంది. చిన్న పరీక్ష ఒకటుంది: అడుగున్నర చదరపు పారదర్శక ప్లాస్టిక్ షీటును నేల మీద పరిచి నాలుగంచులకూ టేపు వేసి కనీసం 16 గంటలు వదిలేయండి. కింద నీటి చుక్కలు గానీ నల్లటి మచ్చ గానీ కనిపిస్తే ఇంకా ఆరలేదు. ఏమీ కనిపించకపోయినా ఆరిందని పూర్తిగా నమ్మడానికి లేదు. ఖరీదైన ఫ్లోరింగైతే స్లాబ్‌లో రంధ్రం చేసి తేమ ప్రోబు పెట్టించి, ఫ్లోరింగ్ కంపెనీ చెప్పిన శాతంతో పోల్చి చూడండి.

అప్పగింత తేదీ దగ్గరపడ్డాక ఈ వరుస కుప్పకూలుతుంది. ఒక మూల పాలిష్, ఇంకో మూల కార్పెట్, పైన డ్రిల్లింగ్. తేదీ నుంచి వెనక్కి లెక్కేసి, కనీసం రెండు వారాలు ‘పని లేని రోజులు’గా షెడ్యూల్‌లో మొదటి రోజే రాయించుకోండి. చివర్లో అడిగితే ఎవరూ ఇవ్వరు.

## 6. రోజువారీ శుభ్రత

పొడి చీపురుతో ఊడ్వడం మానిపించండి. కంప్రెసర్ గాలితో ఊదడం అసలే వద్దు. హెపా వాక్యూమ్ లేదా తడిగుడ్డ. చెత్తను పై అంతస్తు నుంచి విసరకుండా మూసిన గొట్టంలోంచి గానీ కట్టిన సంచుల్లో గానీ దించాలి. నీళ్లు కారినా, బోర్డు తడిసినా అదే రోజు ఆరబెట్టాలి. 48 గంటలు దాటి తడిగా ఉన్న జిప్సం బోర్డును కోసి పారేయండి, ఆదా చేయాలని చూడకండి. సిగరెట్ భవనం బయట, తలుపులకు కనీసం 25 అడుగుల దూరంలో.

## 7. కొలవడం

పని మొదలవ్వకముందు లోపల, బయట కొలతలు తీసి పెట్టుకోండి. తర్వాత వచ్చే అంకెలకు పోలిక అదే. పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకంటే సన్నని కణాలు) చూపే చిన్న సెన్సర్లను తెరకు అవతల, మనుషులుండే వైపు పెడితే బాగా ఉపయోగపడతాయి: లోపల కోత మొదలవగానే బయట అంకె ఎగబాకితే తెర ఎక్కడో కారుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో 24 గంటల సగటు పీఎం 2.5 పరిమితి ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు. అయితే ఈ సెన్సర్లు దుమ్మును చూస్తాయి గానీ అందులో సిలికా ఎంతో చెప్పలేవు. తేమ ఎక్కువుంటే తప్పుడు అంకెలు కూడా చూపిస్తాయి. పనివాళ్లు పీల్చే సిలికా తెలియాలంటే కాలరుకు పంపు తగిలించి నమూనా తీసి ల్యాబ్‌లో చూడాలి. టీవీఓసీ (వీఓసీలన్నింటి మొత్తం) మీటర్లు ఏ రసాయనమో చెప్పవు, పెరుగుతోందా తగ్గుతోందా అన్నంతవరకే నమ్మండి. కార్బన్ డయాక్సైడ్ మీటరు ఈ పనికి పనికిరాదు, అది చెప్పేది మనుషుల ఊపిరి సంగతి.

## 8. ఫ్లష్ అవుట్, అప్పగింత

ఫర్నిచరుతో సహా అన్నీ అమరాక, మనుషులు చేరకముందు భవనాన్ని బయటి గాలితో కడగడాన్ని ఫ్లష్ అవుట్ అంటారు. లీడ్ చెప్పే లెక్క: ప్రతి చదరపు అడుగు నేలకు 14,000 ఘనపు అడుగుల బయటి గాలి. ఆ సమయంలో లోపల ఉష్ణోగ్రత 15 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య, తేమ 60 శాతం లోపు ఉండాలి. వెయ్యి చదరపు అడుగులకు 1.4 కోట్ల ఘనపు అడుగులు అవుతుంది. నిమిషానికి 2,000 ఘనపు అడుగులు తెచ్చే ఫ్యాన్లుంటే 7,000 నిమిషాలు, అంటే రాత్రింబవళ్లు నడిపితే ఐదు రోజులకు కాస్త తక్కువ. అంత సమయం లేకపోతే ముందు చదరపు అడుగుకు 3,500 ఇచ్చి మనుషులను రానిచ్చి, మిగతాది వాళ్లున్నప్పుడే నిర్ణీత వేగంతో పూర్తిచేసే పద్ధతి కూడా ఉంది. బయటి గాలే మురికిగా ఉండే రోజుల్లో లోపలికి వచ్చే చోట మంచి ఫిల్టరు లేకుండా ఇది చేస్తే ఒక మురికి తీసి ఇంకో మురికి నింపినట్టే.

గదిని హీటర్లతో వేడిచేసి ఆవిర్లను తరిమేద్దామనే బేక్ అవుట్ పద్ధతి మీద నాకు నమ్మకం తక్కువ. ఫలితాలు ఒకేలా రావు, చెక్క పగుళ్లిచ్చే ప్రమాదం కూడా ఉంది. ఓజోన్ యంత్రాల జోలికి అసలు పోవద్దు. ఓజోన్ స్వయంగా ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, పైగా పెయింటు ఆవిర్లలో కొన్నింటితో కలిసి ఫార్మాల్డిహైడ్‌నే పుట్టిస్తుంది.

ఫ్లష్ అవుట్ ముందు ఫాల్స్ సీలింగ్ పైభాగం, అల్మరాల లోపల, డక్టుల మూతులు వాక్యూమ్ చేయించండి. తర్వాత అన్ని ఫిల్టర్లూ కొత్తవి వేసి వాటి మీద తేదీ రాయించండి. ఫార్మాల్డిహైడ్ పరీక్ష చేయించాలనుకుంటే కిటికీలు మూసి, ఏసీ మామూలుగా నడిచే స్థితిలో చేయించాలి. కిటికీలన్నీ తెరిచి తీసిన నమూనాకు విలువ లేదు.

ఈ దశలో అందరూ మర్చిపోయేది టచప్. ఫ్లష్ అవుట్ నడుస్తుండగా గీత పడిన తలుపుకు ఎవరో ఒక డబ్బా పాలిష్ తెస్తారు, ఆ గదిలో అప్పటిదాకా పోసిన గాలి వృథా అవుతుంది. టచప్‌లన్నీ ముందే ముగించి పెయింటర్ దగ్గర తాళాలు వెనక్కి తీసుకోండి. అయినా తప్పనిసరైతే ఆ గదిని తెరతో విడదీసి, దానివరకు లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టండి.